తప్పిన చిరునామా: అండమాన్ దీవుల్లో ఈమెయిల్ పొరపాట్లు, నివారణ

ఒకరికి రాసిన ఈమెయిల్ మరొకరికి చేరడాన్ని సమాచార భద్రత రంగంలో విడిగా ఒక తరగతి కింద లెక్కిస్తారు. ఇందులో చొరబాటు లేదు, దొంగతనం లేదు, పాస్‌వర్డ్ ఎవరూ కాజేయలేదు. యంత్రం తనకు చెప్పిన చోటికే ఉత్తరాన్ని భద్రంగా చేర్చింది. చెప్పడంలోనే తేడా వచ్చింది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయానికి సంస్థలు నివేదించే సైబరేతర ఘటనల్లో ఏటేటా ముందు వరసలో ఉండేది ఇదే. ఆస్ట్రేలియాలో మానవ తప్పిదాల పద్దు తీసినా పైన కనిపించేది ఇదే. ఇంత మామూలు విషయం మీద వచ్చే సలహా మాత్రం చాలావరకు ఒక్క వాక్యం దాటదు: పంపే ముందు ఒకసారి సరిచూసుకోండి. ఆ సలహాలో తప్పేమీ లేదు గానీ, దాని వల్ల ఒరిగేది తక్కువ. ఈ పొరపాటు మూలం మనిషి పరధ్యానంలో కంటే చిరునామాను తయారుచేసే తీరులో, దాన్ని దాచుకునే జాబితాలో, పంపడానికీ వెళ్లిపోవడానికీ మధ్య వ్యవధి లేకపోవడంలో ఎక్కువగా ఉంది. దాన్ని చూడటానికి అండమాన్ నికోబార్ దీవులు మంచి చోటు. అక్కడ చిరునామాల తికమక కంప్యూటర్ల కంటే చాలా పాతది.

మలబారు నుంచి వచ్చి స్థిరపడిన మాప్పిళ్లలు దక్షిణ అండమాన్‌లో తమ కొత్త ఊళ్లకు సొంతగడ్డ పేర్లే పెట్టుకున్నారు. కాలికట్, మంజేరి, వండూర్, తిరూర్ కేరళలోనూ ఉన్నాయి, దీవుల్లోనూ ఉన్నాయి. తూర్పు బెంగాల్ కాందిశీకులు కాపురం పెట్టిన నీల్ దీవిలో రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్ పక్కపక్కనే ఉంటాయి. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర మరో రామ్‌నగర్. భరత్‌పూర్ అనగానే రాజస్థాన్, సీతాపూర్ అనగానే ఉత్తరప్రదేశ్ మనసులో మెదులుతాయి. రాస్ దీవులు కూడా రెండు: పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా బ్రిటిష్ వాళ్లు రాజధానిగా వాడుకున్నది ఒకటి, స్మిత్ దీవితో ఇసుకతిన్నె కలిపే డిగ్లీపూర్ వైపుది మరొకటి. వీటిమీద పేర్ల మార్పులు. 2018 డిసెంబర్ 30న రాస్, నీల్, హావ్‌లాక్ దీవులు వరసగా నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. విజయపురం పేరుతో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక మండలమే ఉంది. ఇంత గజిబిజిలోనూ ఉత్తరాలు మొత్తం మీద చేరుతూనే వచ్చాయంటే కారణం పోస్ట్‌మన్ల ఓపిక ఒక్కటే కాదు.

1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఆరంకెల పిన్‌కోడ్‌ను ప్రవేశపెట్టింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలాంకర్ కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ అధికారి. సంస్కృతంలో కవిత్వం రాసిన మనిషి కూడా, కాబట్టి భాషల తేడా ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపులు, తప్పుల తడకగా రాసిన చిరునామాలు: ఈ మూడింటికి విరుగుడుగా అంకెలు వచ్చాయి. దీవులు పశ్చిమ బెంగాల్ తపాలా సర్కిల్ కిందికి వస్తాయి. వాటి పిన్‌కోడ్ 744తో మొదలవుతుంది. 744101 అని రాస్తే ఉత్తరం ఆ నగరానికే వెళ్తుంది, పైన పోర్ట్ బ్లెయిర్ అని ఉన్నా శ్రీ విజయపురం అని ఉన్నా. అసలు బలం అంకెలో కూడా లేదు, ఒకే సంగతి ఉత్తరం మీద మూడు నాలుగు సార్లు వేర్వేరు రూపాల్లో ఉండటంలో ఉంది. అంకె తప్పితే ఊరి పేరు పట్టిస్తుంది, ఊరి పేరు చెరిగిపోతే తండ్రి పేరో వీధి పేరో పట్టిస్తుంది, అన్నీ తప్పితే బట్వాడా చేసేవాడు కవరు వెనక్కి తిప్పి పంపినవారి చిరునామా చూస్తాడు. ఈమెయిల్ చిరునామాలో అలాంటి మిగులు అక్షరం ఒక్కటి లేదు. ఉన్న ప్రతి అక్షరమూ చిరునామాయే. ఒకటి మారితే అది తప్పు చిరునామా అవ్వదు, ఇంకొకరి సరైన చిరునామా అవుతుంది.

ఈ తేడా ఈమెయిల్ నడిచే తీరులోనే ఉంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నియమావళి మీదే, తర్వాత ఎన్ని చేర్పులు జరిగినా, ఈనాటి మెయిల్ సర్వర్లు మాట్లాడుకుంటాయి. పంపే సర్వర్ అవతలి సర్వర్‌ను అడిగేది ఒక్కటే: ఈ పేరుతో నీ దగ్గర పెట్టె ఉందా? లేదంటే ఉత్తరం తిరుగు టపాలో వచ్చేస్తుంది, పంపినవాడికి సంగతి తెలుస్తుంది. ఉందంటే పని అయిపోయినట్టే. ఆ పెట్టె ఎవరిది, ఈ ఉత్తరం వారికేనా అని అడిగే చోటు ఆ సంభాషణలో లేదు. అందువల్ల బాగా తప్పిన చిరునామా కంటే కొంచెం తప్పిన చిరునామా ప్రమాదకరం. పెద్ద తప్పు వెనక్కి వచ్చి తానే చెబుతుంది, చిన్న తప్పు నోరెత్తదు. అవతలి సర్వర్ ఒకసారి తీసుకున్నాక దాన్ని వెనక్కి రప్పించే ఏర్పాటు కూడా ఈ నియమావళిలో లేదు. అవుట్‌లుక్‌లో కనిపించే రీకాల్ ఒకే సంస్థ సర్వర్ లోపల, అదీ కొన్ని షరతులతోనే పనిచేస్తుంది. బయటివారికి పోయిన ఉత్తరం విషయంలో అది ఇంకో ఉత్తరం పంపి, మొదటిదాని మీదికి వారి దృష్టి మళ్లించడం తప్ప చేసేదేమీ లేదు.

జాగ్రత్త ఒక్కటే చాలదనడానికి దీవులకు సంబంధించిన ఉదాహరణే ఉంది, అది ఈమెయిల్ కాకపోయినా. 2004 డిసెంబర్ 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రంలో భూకంపం వచ్చింది. అలలు నికోబార్ దీవుల్ని నిమిషాల వ్యవధిలోనే ముంచాయి. మృతులు, గల్లంతైనవారు కలిపి దీవుల్లో మూడున్నర వేల మంది అని అధికారిక లెక్క. ఆ ఉదయం భారత వాతావరణ శాఖ భూకంపం సంగతి తెలుపుతూ శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రికి ఫ్యాక్స్ పంపింది. అది వెళ్లింది మురళీ మనోహర్ జోషీకి. ప్రభుత్వం మారి ఆయన ఆ పదవి నుంచి దిగి అప్పటికే ఏడు నెలలు. అప్పటి మంత్రి కపిల్ సిబల్. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి: ఆ ఫ్యాక్స్ సరైన చోటికి చేరినా దీవుల్లో ప్రాణాలు దక్కేవని అనలేం. అందులో ఉన్నది భూకంపం కబురే. హిందూ మహాసముద్రానికి అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు, కాయితం కదిలేలోపే నీళ్లు వచ్చేశాయి. అయినా ఆ పొరపాటు తీరు గమనించదగ్గది. ఫ్యాక్స్ యంత్రం దగ్గర కూర్చున్న మనిషి నంబరును జాబితాతో పోల్చి చూసుకున్నా అది సరిగ్గానే ఉండేది, ఎందుకంటే తప్పింది జాబితాయే. సరిచూసుకోమనే సలహా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. దేనితో సరిచూడాలో అదే పాతబడిపోయింది.

దీవుల పాలనలో ఇలా పాతబడే అవకాశం ఎక్కువ. ఇక్కడి ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు అరుణాచల్, గోవా, మిజోరాం, కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి కేడర్‌కు చెందినవారు. కొన్నేళ్లు ఇక్కడుండి ఇంకో మూలకు బదిలీ అవుతారు. దీవుల పనులన్నీ సముద్రం అవతలితో ముడిపడినవి. హైకోర్టు కలకత్తాది, దాని సర్క్యూట్ బెంచ్ ఇక్కడ కూర్చుంటుంది. డిగ్రీ కళాశాలలు చిరకాలం పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచాయి. హోంశాఖ ఢిల్లీలో. జీబీ పంత్ ఆసుపత్రిలో కుదరని వైద్యానికి రోగులు మెయిన్‌లాండ్‌కు పోవాలి, వాళ్ల రిపోర్టులు ముందే అక్కడికి చేరాలి. మూడు రోజుల ఓడ ప్రయాణం అవతల ఉన్న మనిషిని వెళ్లి అడిగి రావడం కుదరదు కాబట్టి అన్నింటికీ ఈమెయిలే దిక్కు. గుమస్తా పెట్టెలో పాత అధికారి చిరునామా, కొత్త అధికారి చిరునామా, ఒకే మనిషికి నిక్ డాట్ ఇన్ తోకతో ఒకటి, గవ్ డాట్ ఇన్ తోకతో ఒకటి ఉంటాయి. రెండక్షరాలు కొట్టగానే యంత్రం ఎక్కువసార్లు వాడినదాన్ని పైన చూపిస్తుంది. నిన్న బదిలీ అయిపోయిన మనిషికే నిన్నటిదాకా ఎక్కువ ఉత్తరాలు వెళ్లాయి. అంటే యంత్రం జ్ఞాపకం మనల్ని సరిగ్గా తప్పు మనిషి వైపే నెడుతుంది.

దీనికి మందు మనిషి పేరు మీద కాక హోదా పేరు మీద చిరునామా ఉండటం. కుర్చీలో ఎవరున్నా పెట్టె ఒకటే. మనిషి వెళ్తే తాళం చేతులు మారుతుంది, ప్రపంచమంతటా ఉన్న జాబితాలను దిద్దాల్సిన పని తప్పుతుంది. హోదా పెట్టెను నలుగురు తెరుస్తారు, గోప్యమైన ఫిర్యాదు అక్కడ రాస్తే ఎలా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వ్యక్తిని ఉద్దేశించినవి వ్యక్తికే పోవాలి, ఉద్యోగికి సంబంధించిన ఫిర్యాదు ఆ ఉద్యోగి పనిచేసే సెక్షన్ పెట్టెలో పడకూడదు. అయితే రోజువారీ ప్రభుత్వ ఉత్తరాల్లో అలాంటివి తక్కువ. లైసెన్సు అర్జీ, టెండరు ప్రశ్న, బదిలీ సర్టిఫికెట్ విన్నపం: ఇవన్నీ కుర్చీకి రాసే ఉత్తరాలు, కుర్చీకే చేరాలి.

పాత జాబితా తర్వాతి చిక్కు పేర్లది. దీవుల ఆఫీసుల్లో ఇది ప్రత్యేకంగా ముదురుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం 3,80,581 మంది ఉన్న ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో పెద్ద భాష తెలుగు. జనాభాలో 13 శాతానికి పైన తెలుగువాళ్లే, ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖపట్నం తీరం నుంచి వెళ్లినవాళ్లు. ఒకే గదిలో నాలుగు భాషలవాళ్లు పనిచేసేచోట పేరు వినేది ఒక అలవాటులో, రాసేది మరో అలవాటులో. సునీత పేరును తెలుగు, తమిళ, మలయాళ గుమస్తాలు ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ చేర్చి రాస్తారు. బెంగాలీ, హిందీ గుమస్తాలకు ఆ హెచ్ అక్కర్లేదు. లక్ష్మి కొందరికి కేఎస్‌హెచ్, కొందరికి ఎక్స్. అప్పలరాజు ఒక్క మాటా రెండు మాటలా అన్నది రాసేవాడి ఇష్టం. ఇంటిపేరు పొడి అక్షరంగా కుంచించుకుపోయే మన పద్ధతిలో ఎస్. రమణలు ఎంతమందో. జీమెయిల్ చుక్క పెట్టినా మానినా పట్టించుకోదు, రెండూ ఒకే పెట్టెకు పోతాయి. హెచ్ విషయంలో మాత్రం అంత ఉదారత లేదు. హెచ్ ఉన్న సునీత ఒకరు, లేని సునీత ఇంకొకరు. మంచి పేర్లు ముందొచ్చినవాళ్లు తీసేసుకున్నాక మిగిలినవాళ్లు పుట్టిన ఏడాదో బండి నంబరో తగిలించుకుంటారు. 87 ఉన్న రమణకు రాయబోయి 78 ఉన్న రమణకు రాస్తే ఉత్తరం తిరిగి రాదు.

ఫోన్ తెర ఈ చిక్కును ఇంకాస్త పెంచింది. అక్కడ చిరునామా కనిపించదు, పేరున్న చిన్న బిళ్ల ఒకటి కనిపిస్తుంది. ‘రమణ’ అన్న బిళ్లలు రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. వేలితో నొక్కితే తప్ప లోపల ఏ చిరునామా ఉందో తెలియదు. ఇది వాడేవారి తెలివితేటల లోపం కాదు, తెర మీద చోటు మిగల్చాలనుకున్నవారి నిర్ణయం. 2014 నవంబర్‌లో బ్రిస్బేన్ జీ20 సదస్సుకు ముందు ఆస్ట్రేలియా వలస శాఖ ఉద్యోగి ఒకరు 31 మంది దేశాధినేతల పుట్టినతేదీలు, పాస్‌పోర్ట్ నంబర్లు, వీసా వివరాలు ఉన్న ఈమెయిల్‌ను ఆసియా కప్ ఫుట్‌బాల్ నిర్వాహక కమిటీ సభ్యుడికి పంపేశారు. ఒబామా, పుతిన్, మెర్కెల్‌తో పాటు మన ప్రధాని నరేంద్ర మోదీ వివరాలూ అందులో ఉన్నాయి. అవుట్‌లుక్ తానే పూరించిన పేరును చూసుకోకపోవడమే కారణమని తేలింది. జీ20 పాస్‌పోర్ట్‌లు చూసే మనిషి అజాగ్రత్తపరుడు కాబట్టి ఇలా జరిగిందనడం తేలిక. రోజుకు వందసార్లు చేసే పని చేతికి అలవాటై, కళ్లు చూడకుండానే వేళ్లు పూర్తిచేసేశాయనడం నిజానికి దగ్గర.

మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ 1990లో వెలువరించిన హ్యూమన్ ఎర్రర్ గ్రంథంలో ఈ తేడానే విడమరిచాడు. తెలియక చేసే తప్పు వేరు, తెలిసీ చెయ్యి జారడం వేరు. రెండోది కొత్తవాడికంటే పని బాగా వచ్చినవాడిలోనే ఎక్కువ, ఎందుకంటే పని వచ్చినవాడే దాన్ని ఆలోచించకుండా చేయగలడు. అందుకే శిక్షణ తరగతులతో ఇది తగ్గదు. ‘నిజంగా పంపాలా?’ అని అడిగే పెట్టె పెట్టినా మొదటి వారం పనిచేస్తుంది, రెండో వారానికి దాన్ని నొక్కడం కూడా వేలి అలవాటులో భాగమైపోతుంది. అన్ని ఉత్తరాలకూ ఒకే ప్రశ్న వేసే హెచ్చరిక, ఏ ఉత్తరానికీ వేయనట్టే లెక్క. సంస్థ బయటి చిరునామా ఉన్నప్పుడో, ఇంతకుముందెన్నడూ రాయని మనిషి వరసలో చేరినప్పుడో మాత్రమే అడిగితే దానికి విలువ ఉంటుంది.

ఒక్క అక్షరం ఎంత దూరం పోగలదో చెప్పడానికి మాలి దేశం ఉదాహరణ చాలు. అమెరికా సైన్యం చిరునామాలు డాట్ ఎంఐఎల్‌తో ముగుస్తాయి, పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశానివి డాట్ ఎంఎల్‌తో. ఒక్క ఐ మరిచిపోతే ఉత్తరం ఖండం దాటుతుంది. మాలి తోక నిర్వహణ కాంట్రాక్టు చేసిన యోహానెస్ జూర్‌బీర్ ఈ సంగతి అమెరికాకు దాదాపు పదేళ్లపాటు చెబుతూ వచ్చాడు. 2023 జనవరి నుంచి జులై వరకే ఆయన దగ్గర లక్షా 17 వేల ఉత్తరాలు పోగయ్యాయి. పెంటగాన్ తన లోపలి నుంచి మాలి చిరునామాలకు ఉత్తరాలు వెళ్లకుండా అడ్డుకట్ట వేసింది. అది పనిచేసింది కూడా. కానీ ప్రయాణాల ఏజెంట్లు, కాంట్రాక్టర్లు, సొంత జీమెయిల్ వాడే సైనికులు బయటి నుంచి రాసేవి ఆ కట్టకు ఎదురుపడవు. దీవుల్లోని పెద్ద కార్యాలయాలకూ ఇదే వర్తిస్తుంది. తమ సర్వర్‌ను ఎంత కట్టుదిట్టం చేసుకున్నా, జెట్టీ దగ్గర టికెట్ ఏజెంటు తన ఫోన్ నుంచి పంపే ప్రయాణికుల ఆధార్ కాపీల మీద వారికి ఏ అదుపూ లేదు.

చిరునామా సరైనదే అయినా అది రాసిన గడి తప్పితే ఇంకో ప్రమాదం. 2015 సెప్టెంబర్‌లో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ తన వార్తాలేఖను 781 మందికి పంపింది. వాళ్లలో చాలామంది హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు. చిరునామాలు ఒకరివి ఒకరికి కనిపించనివ్వని బీసీసీ గడిలో కాక టు గడిలో పడ్డాయి. 730 చిరునామాల్లో పూర్తి పేర్లున్నాయి, అందరివీ అందరికీ కనిపించాయి. లక్షా 80 వేల పౌండ్ల జరిమానా పడింది. 2021లో తాలిబాన్ల నుంచి దాక్కున్న అఫ్గాన్లకు బ్రిటన్ రక్షణ శాఖ ఇదే తప్పుతో ఉత్తరాలు పంపి, 2023 డిసెంబర్‌లో మూడున్నర లక్షల పౌండ్లు కట్టింది. మధ్యలో ఆరేళ్లు గడిచాయి, మొదటి ఘటన మీద బోలెడంత ప్రచారం జరిగింది, అయినా రెండోది జరిగింది. గుంపుకు ఉత్తరం పంపడానికి బీసీసీ అసలు తగిన పరికరమే కాదన్నది దీన్నుంచి తీయాల్సిన పాఠం. రెండు గడులు ఒకదాని కింద ఒకటి, వేలెడు ఎడం లేకుండా ఉన్నచోట ఒకదాంట్లో పడితే క్షేమం, ఇంకోదాంట్లో పడితే నాశనం అనే ఏర్పాటు చెడ్డ ఏర్పాటు. ఒక్కొక్కరికి విడివిడిగా కాపీ పంపే మెయిల్ మెర్జ్ వంటి సాధనాలు వాడితే తప్పడానికి గడే ఉండదు. జతచేసే ఫైళ్లదీ ఇదే కథ. 2022 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైనికుడొకరు కొన్ని పేర్లే ఉన్నాయనుకుని పంపిన ఎక్సెల్ షీటులో దాదాపు 19 వేల మంది అఫ్గాన్ దరఖాస్తుదారుల వివరాలున్నాయి. ఫైలుకు బదులు లింకు పంపి ఉంటే ఆ లింకును మూసేయడానికి వీలుండేది.

ఇక వ్యవధి సంగతి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. స్వరాజ్ ద్వీప్, రంగత్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్, కమోర్తా, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్‌లకు దాని కొసలు చేరాయి. అంతకుముందు దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల ఇరుకు దారిలో నడిచేది. నెమ్మది లైనులో బరువైన ఉత్తరం అవుట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. ఆ కాస్త సేపట్లో మనసు మారితే ఆపవచ్చు. అది ఎవరూ కోరుకున్న సౌకర్యం కాదు, దాన్ని తిరిగి కావాలనేవాళ్లూ ఉండరు. కేబుల్ వచ్చాక మీట నొక్కిన క్షణమే ఉత్తరం చెన్నై దాటుతుంది. పోయిన వ్యవధిని ఇప్పుడు చేతులారా పెట్టుకోవాలి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ అయిదు సెకన్ల దగ్గర ఉంటుంది. దాన్ని ముప్పైకి పెంచవచ్చు, అంతకు మించి పెరగదు. పాత అవుట్‌లుక్‌లో రూల్స్ కింద ప్రతి ఉత్తరాన్నీ నిమిషాల నుంచి రెండు గంటల దాకా ఆపి పంపే ఏర్పాటు ఉంది. చెయ్యి జారిన సంగతి మనిషికి సాధారణంగా తెలిసేది మీట నొక్కిన మరుక్షణమే కాబట్టి రెండు నిమిషాల ఆలస్యం ఎన్నో ఉపదేశాల పెట్టు. దానితోపాటు జీమెయిల్‌లో కొత్తవారిని దానంతటదే పరిచయాల్లో చేర్చుకునే ఎంపికను ఆపడం, అవుట్‌లుక్ సూచించే పాత పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయడం: ఇవి ఒక్కసారి చేసి వదిలేసే పనులు, రోజూ గుర్తుపెట్టుకోవాల్సినవి కావు. రాయడం పూర్తయ్యేదాకా టు గడిని ఖాళీగా ఉంచడం కూడా మంచిదే గానీ అది రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన అలవాటు, పైగా జవాబు రాసేటప్పుడు దానికి దారి లేదు, అక్కడ పేరు ముందే వచ్చి కూర్చుంటుంది.

మనిషికి జాగ్రత్తలు చెప్పే బదులు ఏర్పాటునే మార్చే ఈ దారిని డబ్బు విషయంలో మన దేశం ఇప్పటికే పట్టింది. యూపీఐలో నంబరు కొట్టగానే అవతలి ఖాతాదారు పేరు కనిపిస్తుంది, తర్వాతే పంపుతాం. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలోనూ పేరు చూపే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోపు పెట్టాలని రిజర్వ్ బ్యాంక్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. ఖాతా నంబరు జాగ్రత్తగా కొట్టమని ప్రజలకు చెప్పి ఊరుకోలేదు. ఈమెయిల్‌కు అలా చూపమనే రిజర్వ్ బ్యాంకు లేదు. పేరడిగితే చెప్పే సర్వర్ ఉంటే చెత్త ఉత్తరాలవాళ్లకు పండగ కాబట్టి పెట్టడమూ మంచిది కాదు.

అత్యవసరంలో ఆలస్యం ప్రాణాంతకం కాదా అన్న అభ్యంతరం దీవుల్లో బరువైనదే. తుపాను, సునామీ హెచ్చరికలకు రెండు నిమిషాలూ ఎక్కువే. కానీ ఆ ఉత్తరాలు చేత్తో చిరునామా కొట్టి పంపేవి కావు, కాకూడదు. 2004 తర్వాత, 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఎవరికి ఏ స్థాయి హెచ్చరిక ఏ మార్గంలో పోవాలో అక్కడ ముందే రాసి ఉంటుంది. ఈమెయిల్, ఫ్యాక్స్, ఎస్సెమ్మెస్ కలిసి వెళ్తాయి. ఐఓవేవ్ పేరుతో హిందూ మహాసముద్ర దేశాలు కలిసి చేసే కసరత్తుల్లో అలలు లేని రోజున సందేశాలు పంపి ఎవరికి చేరాయో చూసుకుంటారు. పాతబడిన చిరునామా బయటపడాల్సిన రోజు అదే. తొందర ఉన్న ఉత్తరానికి జాబితా ముందే సిద్ధంగా, పరీక్షకు నిలిచి ఉండాలి. తొందర లేని ఉత్తరానికి వ్యవధి ఉండాలి. మన ఉత్తరాల్లో అసలు తొందర ఉన్నవెన్ని అని లెక్కవేస్తే ఆలస్యం మీద ఫిర్యాదు చాలావరకు పలచబడుతుంది.

అందరూ వాట్సాప్‌లో ఉన్నారు, అక్కడ తుడిచేయవచ్చు కదా అనేవారున్నారు. 2017లో ఏడు నిమిషాలతో మొదలైన ఆ సౌకర్యం 2022 నుంచి రెండు రోజులకు పైగా పనిచేస్తోంది. అవతలివారు చదవకముందే తుడిస్తేనే దానికి అర్థం. తుడిచిన ఆనవాలు మాత్రం అక్కడే ఉండి ఏదో ఉండేదని చాటుతుంది. పైగా ఫోన్ నంబరు కూడా పాతబడే చిరునామాయే. మూతపడిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇస్తారని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. మెయిన్‌లాండ్‌కు తిరిగి వెళ్లిపోయిన మనిషి వదిలేసిన నంబరు మీ ఫోన్‌లో ఇంకా అతని పేరుతోనే ఉంటుంది.

పొరపాటున పోయినా పుచ్చుకున్నవారు సజ్జనులైతే తుడిచేస్తారన్న నమ్మకం ఇంకొకటి. చాలామంది నిజంగానే తుడిచేస్తారు. బ్రిస్బేన్ ఉత్తరం అందుకున్నవారూ తుడిచేశామన్నారు. దాని ఆధారంగానే ఆ శాఖ దేశాధినేతలకు సంగతి చెప్పనవసరం లేదని తీర్మానించుకుంది. పత్రికలో వచ్చేదాకా వాళ్లకు తెలియలేదు. ఉత్తరం అడుగున ‘ఇది మీకు ఉద్దేశించినది కాకపోతే తుడిచేయండి’ అని అచ్చయ్యే పేరాకు కూడా మర్యాద కోరడానికి మించిన బలం లేదు. ఏ ఒప్పందమూ లేని అపరిచితుణ్ణి అది కట్టిపడేయదు, పైగా ఉత్తరం మొత్తం చదివాకే అతని కంట పడుతుంది. చట్టం ఇప్పుడు ఇంకో మాట అంటోంది. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ప్రమాదవశాత్తూ బయటపెట్టడాన్ని కూడా డేటా ఉల్లంఘన నిర్వచనంలోకే తెచ్చింది. ఉద్దేశం లేకపోవడం మినహాయింపు కాదు. డేటా రక్షణ బోర్డుకూ, ఎవరి వివరాలు పోయాయో వారికీ తెలపాలి. పుచ్చుకున్న మూడోవాడు తుడిచేశానంటే సరిపోదు. 2025 నవంబర్‌లో వెలువడిన నిబంధనల ప్రకారం బాధితులకు జాప్యం లేకుండా, బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో అందాలి. ఈ బాధ్యతలు నిబంధనలు వెలువడిన పద్దెనిమిది నెలలకు అమల్లోకి వస్తాయి. స్వరాజ్ ద్వీప్‌లో పది గదుల లాడ్జి నడుపుతూ అతిథుల పాస్‌పోర్ట్ కాపీలు ఈమెయిల్‌లో తెప్పించుకునేవారికీ, ఢిల్లీలో మంత్రిత్వ శాఖకూ నిర్వచనం ఒకటే.